కుర్చీ ఎక్కాక మనకు నిజం చెప్పేదెవరు?

(కొత్తగా ప్రధానోపాధ్యాయులైనవారి కోసం విజయనగరంలో ఏర్పాటైన సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవారు దయచేసి ముందుకు రండి. ముందు బెంచీలోకి రండర్రా అని పిల్లల మీద ఇన్నేళ్లుగా అరిచిన మనమే, ఎక్కడికి వెళ్లినా వెతుక్కుని మరీ వెనక గోడ దగ్గర చేరతాం. రండి, నేనేమీ ప్రశ్నలు అడగను. చివర్లో ఒకటి మాత్రం అడుగుతాను.

నాకిచ్చిన అంశం వ్యక్తిత్వ వికాసం, ఆత్మపరిశీలన, నాయకత్వం. మూడూ పెద్ద మాటలే. వ్యక్తిత్వ వికాస తరగతులకు నేనూ వెళ్లాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘నేను సాధించగలను’ అని పదిసార్లు అనుకోమని చెప్పిన శిక్షకుడొకాయన ఉన్నాడు. నేనూ అనుకున్నాను. ఆ పూటకు కొంచెం ఉత్సాహంగానే అనిపించింది. అయితే అద్దం ముందుకు వెళ్లేటప్పుడు మనం ముఖం సర్దుకుని వెళతాం. మన కోపపు ముఖాన్ని, చిరాకు ముఖాన్ని చూసేది అద్దం కాదు, ఎదుటివాళ్లు. కాబట్టి ఆ మూడు పెద్ద మాటలనూ పక్కన పెట్టి ఒక్క చిన్న సంగతి గురించే మాట్లాడతాను. మీకు పదోన్నతి ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి మీకు నిజం చెప్పేవాళ్లు తగ్గిపోతారు. తగ్గిపోయారన్న సంగతి కూడా మీకెవరూ చెప్పరు.

నిన్నటి దాకా స్టాఫ్ రూములో మీరు కూర్చునే చోటు ఎక్కడో గుర్తుంది కదా? అక్కడ హెచ్.ఎం. గారి గురించి ఏమేం మాట్లాడుకునేవారో కూడా గుర్తుంది కదా? నవ్వుతున్నారు, అంటే గుర్తుందన్నమాట. ఆ మాటలు ఆగిపోలేదు. అదే గదిలో, అదే టీ వేళకు సాగుతూనే ఉన్నాయి. ఇప్పుడు అవి మీ గురించి. అంతే తేడా.

నా సంగతే చెబుతాను, ఇంకొకరి సంగతి చెబితే అది ఉపదేశమైపోతుంది. నేను ప్రధానోపాధ్యాయురాలినైన మొదటి సంవత్సరం, పదో తరగతి ఫలితాలు ఎలాగైనా మెరుగుపరచాలన్న పట్టుదలతో, సాయంత్రం ఐదింటి దాకా అదనపు చదువు గంట పెట్టాలని నిర్ణయించాను. స్టాఫ్ మీటింగు పెట్టి, విషయమంతా వివరంగా చెప్పి, చివరికి ‘ఎవరికైనా అభ్యంతరం ఉందా?’ అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు తల కూడా ఊపారు. నేను ఎంత ప్రజాస్వామికంగా నడుపుతున్నానో కదా అని ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు నెలలు గడిచేసరికి హాజరు పట్టీలో ఆడపిల్లల గైర్హాజరు పెరగడం మొదలైంది, అందులోనూ ఒకే దిక్కున ఉన్న రెండు మూడు ఊళ్ల పిల్లలవే ఆ పేర్లన్నీ. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియడం లేదని, పెళ్లిళ్లు చేసేస్తారేమోనని, ఊళ్లలోకి వెళ్లి చెప్పి రావాలని నేను పెద్ద ప్రణాళిక వేసుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం భోజనాల వరుస దగ్గర నిలబడి ఉంటే, వంట చేసే అమ్మ గిన్నె కడుగుతూ నన్నడిగింది: “ఐదింటికి బడొదిలితే ఆ పిల్లలు ఏ బస్సెక్కుతారమ్మా? నాలుగున్నర బస్సు ఎలిపోతాది కదా. పంతుళ్లు మీకు సెప్పలేదేటి?”

ఆ దారిన తిరిగేది ఒక్క పల్లెవెలుగు బస్సు. అది నాలుగున్నరకు వెళ్లిపోతే ఆ పిల్లలు తోటల మధ్య దారిలో, మసక చీకట్లో నడుచుకుంటూ వెళ్లాలి. ఈ సంగతి మా ఉపాధ్యాయులందరికీ తెలుసు, ఆ దారిలో రోజూ మోటారు సైకిలు మీద వచ్చే మాస్టారికి ఇంకా బాగా తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. మాస్టారిని పిలిచి, కొంచెం కోపంగానే, ‘అభ్యంతరాలు అడిగాను కదండీ, ఎందుకు చెప్పలేదు?’ అన్నాను. ఆయన చాలా మర్యాదగా, తల వంచుకుని జవాబిచ్చారు: “అడిగారు మేడం. కానీ సంతకం చేసిన సర్క్యులరు అప్పటికే మీ బల్ల మీద ఉంది.”

ఆ కాగితం అక్కడ ఉన్నట్టు నాకు గుర్తు కూడా లేదు. మీటింగుకు వచ్చిన పద్నాలుగు మందీ దాన్ని చూశారు. నేను నోటితో ఒకటి అడిగాను, బల్ల ఇంకొకటి చెప్పింది. వాళ్లు బల్ల చెప్పినదాన్నే నమ్మారు. నమ్మడం తప్పంటారా?

తరువాత ఆ గంటను పొద్దుటికి మార్చాం. పిల్లలకు కుదిరింది. పట్నం నుంచి వచ్చే ఇద్దరు టీచర్లకు కుదరలేదు, అందులో ఒకావిడ నన్ను చివరిదాకా క్షమించలేదు. అది వేరే కథ. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఆ రెండు నెలలూ నేను చెడ్డగా ప్రవర్తించలేదు, ఎవరినీ తిట్టలేదు, కష్టపడి పనిచేశాను. అయినా తప్పు జరిగింది. మనకు కనిపించని మన తీరు వల్ల జరిగే తప్పులకు దుర్బుద్ధి అక్కరలేదు.

మన పెద్దవాళ్లు దీన్ని ఒక్క ముక్కలో చెప్పారు, గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని. ఈ సామెతను మనం ఎప్పుడూ ఎదుటివాళ్లను దెప్పడానికే వాడుకున్నాం. కానీ ఆ గింజ గురించి ఇంకో సంగతి మరిచిపోతాం. పాతకాలంలో కంసాలి బంగారం తూచేది ఆ గురివింద గింజలతోనే. ఊరందరి బంగారాన్నీ తూచే గింజ అది. దాని నలుపు దానికి తెలియదు. హెచ్.ఎం. కుర్చీ కూడా అటువంటిదే. పద్నాలుగు మంది పనిని తూచడానికి మనల్ని అక్కడ కూర్చోబెడతారు, మనల్ని తూచే గింజ మాత్రం ఆ గదిలో ఉండదు.

1955లో అమెరికాలో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగం అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బొమ్మ గీశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి జోహారీ కిటికీ అని పేరు పెట్టారు. నాలుగు అరల కిటికీ అది. నా గురించి నాకూ, ఇతరులకూ తెలిసినది ఒక అర. నాకు తెలిసి, ఇతరుల నుంచి నేను దాచుకునేది ఒక అర. ఇద్దరికీ తెలియనిది ఒక అర. నాలుగోది ఇతరులకు తెలిసి నాకు తెలియనిది, అంటే మన గురివింద నలుపు. మొదటి అర పెరగాలంటే రెండే దారులని వాళ్లు చెప్పారు. నేను దాచుకున్నదాన్ని నేను చెప్పాలి, లేదా నాకు తెలియనిదాన్ని ఇతరులు నాకు చెప్పాలి. బి.ఇడి.లో మనలో చాలామంది దీన్ని పరీక్ష కోసం చదివాం. నాలుగు అరల పేర్లూ రాస్తే మార్కులు వచ్చేవి. పదోన్నతి వచ్చాక ఆ నాలుగో అర తనంతట తానే పెద్దదవుతుందన్న సంగతి మాత్రం నాకు బడి నేర్పింది, పుస్తకం కాదు.

ఇప్పుడు ఈ ఊళ్లో చెప్పడానికి కొంచెం జంకవలసిన సంగతి ఒకటి చెబుతాను. మీలో చాలామంది విజ్జీ స్టేడియం పక్క నుంచే వచ్చి ఉంటారు. విజ్జీ అంటే పూసపాటి వంశపు రాజకుమారుడు విజయానంద గజపతిరాజు గారు. ఆయనకు క్రికెట్టు అంటే ప్రాణం. 1930-31లో ఇంగ్లండు మేటి ఆటగాళ్లు జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించి మన గడ్డ మీద తన జట్టులో ఆడించారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఆటను పోషించడంలో, మనుషులను కూడగట్టడంలో ఆయనకు సాటి తక్కువ. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సు ఆడి మొత్తం 33 పరుగులు చేశారు. మూడింటిలో రెండు ఓడిపోయాం, ఒకటి డ్రా అయింది. తనకంటే ఎంతో అనుభవమున్న సి.కె.నాయుడు ఆ జట్టులో మామూలు ఆటగాడిగా ఉన్నారు. జట్టు రెండుగా చీలింది. భారతదేశం తరఫున టెస్టుల్లో మొట్టమొదటి సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్‌ను, మొదటి టెస్టు కూడా మొదలుకాకముందే, క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ నాయకత్వంలో వేసిన విచారణ సంఘం అమర్‌నాథ్ తప్పు లేదని తేల్చి, కెప్టెన్సీనే తప్పుపట్టింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 1932లో ఏం జరిగిందో చూడండి. మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టు ఆ ఏడాది జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదలైంది. ఆ పర్యటనకూ కెప్టెన్ ఒక మహారాజే, పోర్‌బందర్ సంస్థానాధీశుడు. జట్టుకు రాజవంశీకుడే పెద్దగా ఉండాలన్నది అప్పటి ఆనవాయితీ. ఆయన చేసిన పరుగులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ టెస్టు దగ్గరికి వచ్చేసరికి తన ఆట ఆ స్థాయిది కాదని గ్రహించి ఆయన పక్కకు తప్పుకున్నారు. మన దేశపు తొలి టెస్టు కెప్టెన్ అనే గౌరవం అలా మన తెలుగు మూలాలున్న సి.కె.నాయుడుకు దక్కింది. ఇద్దరూ రాజులే, ఇద్దరూ గొప్ప బ్యాట్స్‌మన్లు కారు. ఒకరికి ఆ సంగతి తెలుసు.

విజ్జీ గారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిజానికి ఆయన కథలో నాకు నచ్చే భాగం ఆ తరువాతే ఉంది. ఆయన 1954 నుంచి కొన్నేళ్లు భారత క్రికెట్టు బోర్డుకు అధ్యక్షులుగా ఉన్నారు, రేడియోలో వ్యాఖ్యానమూ చెప్పారు. ఆటను నడిపించడం ఆయనకు వచ్చిన పని. మైదానం మధ్యలో నిలబడి ఫీల్డింగు మార్చడం రాని పని. రాని పనిలో ఉన్న ఆ కొన్ని నెలలే ఆయన పేరుకు మచ్చగా మిగిలాయి. నేను అడిగేది ఇంతే: ఆ 1936లో ఆయన చుట్టూ ఉన్నవాళ్లలో ‘అయ్యా, ఇది మీ పని కాదు’ అని చెప్పగలిగిన మనిషి ఎవరు? రాజుగారికి ఎవరు చెబుతారు? మనం రాజులం కాకపోవచ్చు, కానీ సెలవు పత్రం మీద సంతకం పెట్టేది మనమే కదా. కింద పనిచేసేవారికి ఆ మాత్రం రాచరికం చాలు, నోరు కట్టేసుకోవడానికి.

మరి నలభై దాటిన మనిషి మారగలడా? ఈ ప్రశ్న మీలో కొందరు నన్ను పొద్దున టీ దగ్గరే అడిగారు. మన పక్కనున్న శ్రీకాకుళం వైపు చూడండి. గిడుగు రామమూర్తి గారు 1863లో అక్కడి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో మనలాగే బడిలో పాఠాలు చెప్పారు. వ్యావహారిక భాషా పితామహుడని ఆగస్టు 29న దండ వేసి ఊరుకుంటాం. కానీ ఆయన పుట్టుకతో వ్యావహారిక వాది కారు. గ్రాంథికం క్షుణ్ణంగా చదువుకున్న పండితుడు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఆంగ్లేయుడు, పాఠశాలల ఇన్‌స్పెక్టరు, మన బడుల్లో తెలుగు చెప్పే పద్ధతి గురించి ప్రశ్నలు లేవనెత్తాడు. మనకు ఇన్‌స్పెక్టరు ప్రశ్న వేస్తే ఏం చేస్తాం? సమర్థించుకుంటాం, రిజిస్టర్లు చూపిస్తాం. రామమూర్తి గారు ఆ ప్రశ్నను తన మీదికి తిప్పుకున్నారు. తాను ఇంట్లో మాట్లాడే తెలుగు ఏమిటి, తరగతిలో పిల్లల నెత్తిన పెడుతున్నది ఏమిటి అని చూసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. తాను కష్టపడి నేర్చుకున్నదానికి ఎదురు నిలబడ్డారు. ఒక మేష్టారు తన పాండిత్యాన్నే అనుమానించడమంటే చిన్న విషయమా?

అంతకు ముందే ఆయనకు ఆ అలవాటు ఉంది. కొండల మీది సవర గిరిజనుల మాట తనకు అర్థం కావడం లేదని గ్రహించినప్పుడు, వాళ్లకు భాష రాదని ఆయన అనలేదు, తనకే వాళ్ల భాష రాదనుకున్నారు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విద్యార్థిలా కూర్చుని నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. రెండోది వచ్చేసరికి డెబ్భై ఐదేళ్లు. ఆ కొండల్లో తిరిగి, జ్వరాలపాలై, క్వినైను వాడకం వల్ల ఆయనకు వినికిడి పోయిందని చెబుతారు. మన సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం వైపు బడులకు వెళుతున్నవారు ఈ గదిలో ఉన్నారు. ‘ఆ పిల్లలకు ఏమీ రాదండీ’ అన్న మాట మీ స్టాఫ్ రూములో వినబడితే, రానిది ఎవరికో ఒకసారి ఆలోచించండి.

ఈ ఊరి గురజాడ వారి విషయం కూడా ఇటువంటిదే, ఎక్కువ చెప్పను, మీకు తెలిసినదే. కన్యాశుల్కం 1892లో ఆడింది, 1897లో అచ్చయింది, జనం మెచ్చుకున్నారు. మెచ్చుకున్నదాన్ని మళ్లీ విప్పి, దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో అచ్చు వేయించారు. మనం ఇవాళ చదివేది ఆ రెండోదాన్నే. తిట్టినప్పుడు మారడం సరే, మెచ్చుకున్నప్పుడు మారినవాళ్లు ఎంతమంది ఉంటారు?

సరే, పెద్దల కథలు చాలు. సోమవారం పొద్దున బడికి వెళ్లి ఏం చేయాలి? నేను చేసినవి చెబుతాను, అన్నీ పనిచేశాయని చెప్పను.

సర్క్యులరు సంగతి తరువాత ‘అభ్యంతరం ఉందా?’ అనే ప్రశ్నను నేను పూర్తిగా మానేశాను. అభ్యంతరం అనగానే ఎదురు తిరిగినట్టు ఉంటుంది. దాని బదులు ‘ఇది చెడిపోతే ఎక్కడ చెడిపోతుంది?’ అని అడగడం మొదలుపెట్టాను. చిత్రం ఏమిటంటే, అదే మనుషులు, అదే గది, జవాబులు మాత్రం వరసగా వచ్చాయి. అలా అడిగితే తప్పు పట్టడం కూడా సాయం చేయడంలోకే వస్తుంది. ఇంకో మార్పు, అందరికంటే కొత్తగా చేరినవారు ముందు మాట్లాడాలి, సీనియర్లు తరువాత, నేను ఆఖరున. నేను మొదట మాట్లాడితే మిగిలిన పద్నాలుగు మందీ నా మాటనే కొంచెం మార్చి చెప్పేవారు. దీనికి సీనియర్లు అలిగారు. ఒక ఏడాది అలిగారు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఏదైనా ముఖ్యమైన నిర్ణయం తీసుకుంటే, తేదీ వేసి, దీనివల్ల ఏం జరుగుతుందని అనుకుంటున్నానో రెండు వాక్యాలు రాసేదాన్ని. మూడు నెలల తరువాత తీసి చదివేదాన్ని. రాయకపోతే ఏమవుతుందో తెలుసా? ఫలితం వచ్చాక, మనం మొదటి నుంచీ అదే అనుకున్నామని మన మనసు మనకే చెబుతుంది. మనసంత నేర్పరి అయిన గుమాస్తా ఇంకొకడు లేడు, పాత తేదీలతో కొత్త కాగితాలు పుట్టిస్తాడు. ఆ పుస్తకం చదివితే నాకు ఒక సంగతి పట్టుబడింది. డబ్బు లెక్కల్లో నా అంచనాలు సాధారణంగా సరిపోయేవి. మనుషుల గురించి, ముఖ్యంగా తక్కువ మాట్లాడే మనుషుల గురించి, మళ్లీ మళ్లీ తప్పేవి. మాట్లాడనివాళ్లను నేను బద్ధకస్తులుగా లెక్కేస్తున్నాను. అది నాలో ఉందని నలభై ఎనిమిదేళ్ల దాకా నాకు తెలియదు.

కోపం గురించి కూడా చెప్పాలి. నాకు కోపం తక్కువని నేను గట్టిగా నమ్మేదాన్ని. మా రికార్డు అసిస్టెంటు ఉద్యోగ విరమణ చేసిన రోజు, టీ తాగుతూ, ఇక భయం లేదు కదా, నవ్వుతూ చెప్పాడు: ‘మేడం, పదకొండున్నర నుంచి భోజనం వేళ దాకా మీ గదిలోకి ఏ కాగితమూ పంపేవాణ్ణి కాదు. సెలవు పత్రాలన్నీ రెండు దాటాకే.’ ఆరేళ్ల పాటు! పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే నా అలవాటుకు, బడి మొత్తం తన టైంటేబులు మార్చుకుంది. ఆత్మజ్ఞానం కోసం నేను ధ్యాన తరగతులకు వెళ్లాను కూడా. అక్కడ దొరకని ముక్క గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని ఉంది. మీరు నవ్వుతున్నారు, మీ గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్న మనిషికి మీ గురించి ఏం తెలుసో మరి!

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దీన్ని అతిగా పట్టుకున్నవారినీ చూశాను. ప్రతి నిర్ణయానికీ పదిమందిని అడిగి, ప్రతి విమర్శకూ కుంగిపోయి, చివరికి ప్రార్థన గంట ఎప్పుడు కొట్టాలో కూడా తేల్చలేని స్థితికి వస్తారు. అదీ తన మీద తనకున్న ధ్యాసే, ఆత్మపరిశీలన కాదు. పదిమంది చెప్పిందీ విన్నాక నిర్ణయం మనమే చేయాలి, దాని బరువూ మనమే మోయాలి. వంట చేసే అమ్మ బస్సు సంగతి చెప్పింది. చదువు గంట ఎప్పుడు పెట్టాలో తేల్చి, ఆ ఇద్దరు టీచర్ల కోపం భరించవలసింది నేనే.

భోజనాల వేళ అయింది, బయట ఆకులు వేస్తున్నారు. మొదట్లో చెప్పిన ప్రశ్న ఒకటి బాకీ ఉంది. ఈ ప్రసంగం మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా అని నేను అడగను. నేను చెప్పినవాటిలో మీ బడికి వెళితే ఏది చెడిపోతుంది? ఎక్కడ చెడిపోతుంది? అందరికంటే కొత్తగా పదోన్నతి పొందినవారు ముందు చెప్పండి. ఆ మూలన, కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయీ, ఇందాకటి నుంచి నువ్వు ఏదో రాసుకుంటున్నావు. మైకు అటు ఇవ్వండి.